వెనక సీటు వైపు తిప్పిన అద్దం

ఆ వీధి నిండా కారు కొట్లే. ఒక పక్క టైర్లు, ఒక పక్క బ్యాటరీలు, మధ్యలో సొట్టలు తీసే సుత్తుల మోత. పక్కన నిలబడ్డ మనిషితో మాట్లాడాలన్నా అరవాల్సిందే. అలాంటి చోట చెవిని నమ్ముకుని బతికిన మనిషి ఒకాయన ఉన్నాడు. ఆయన్ని అందరూ ఈల మేస్త్రి అంటారు. ఈల వేస్తాడని కాదు, ఆయన నోట ఈల విన్నవాళ్ళే లేరు. కారు స్టీరియోలో పాట వెనక సన్నగా ఈల వస్తే, దాన్ని వెతికి పట్టుకుని పీక నొక్కేస్తాడని ఆ పేరు వచ్చింది.

కొట్లో సగం ఆయన భార్యది. ఆవిడ కార్ల సీట్లకు కవర్లు కుడుతుంది కాబట్టి వీధికంతా సీట్ల పిన్ని. ఇద్దరికీ బోర్డు ఒకటే, గుమ్మం ఒకటే, టీ ఫ్లాస్కు ఒకటే. ఆయన డాష్‌బోర్డు కింద దూరి కాళ్ళు మాత్రం బయటపెట్టి పని చేస్తుంటే, ఆవిడ వెనక సీటు మీద మోకాళ్ళు వేసి కవరు లాగి బిగిస్తూ ఉంటుంది. సగం కాపురం అలా కార్లలోనే గడిచిపోయిందని పిన్ని అంటూ ఉంటుంది. మిగతా సగం వాటి గురించి మాట్లాడుకోవడంతో సరిపోయింది.

వాళ్ళ పరిచయం కూడా చెవి వల్లనే జరిగింది. పెళ్ళికి ముందు ఆవిడ తన నాన్నగారి టైలరు కొట్లో మిషను తొక్కుతుండేది. ఈయన అప్పట్లో రేడియోలు బాగుచేసే కుర్రాడు. చొక్కా కొలతలివ్వడానికి వచ్చి, గుమ్మంలోనే ఆగిపోయి, "మీ మిషను సూది మొద్దుబారిందండీ" అన్నాడట.

"మీ నోరు మొద్దుబారితే బాగుండేది" అందట ఆవిడ.

ఆయన వెళ్ళిపోయాక సూది తీసి వేలితో చూసుకుంటే నిజంగానే మొన అరిగి ఉంది. చొక్కా పట్టుకెళ్ళడానికి వచ్చిన రోజు ఆవిడ ఆ సంగతి ఒప్పుకోలేదు. ఇప్పటికీ ఒప్పుకోదు, కానీ అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ ఆ కథ చెబుతూనే ఉంటుంది.

ఇక మేస్త్రి పని. కారుతోపాటే కంపెనీవాడు డాష్‌బోర్డులో ఒక స్టీరియో బిగించి ఇస్తాడు. పాత కార్లలో అయితే దానికి రేడియో పెట్టడం వచ్చు, క్యాసెట్టో సీడీయో మింగడం వచ్చు, అంతటితో సరి. జేబులో పట్టే మ్యూజిక్ ప్లేయర్ తెచ్చి "ఇందులో పాటలు అందులో రావాలి" అంటే వైరు దూర్చడానికి కన్నమే ఉండదు. మిగతా కొట్లవాళ్ళు "ఆ పాత సెట్టు పీకి పారేసి కొత్తది పెట్టుకోండి" అంటారు. ఆ మాట వింటే మేస్త్రికి ఒళ్ళు మండుతుంది. "తాళంచెవి కనపడలేదని తలుపు తగలబెడతామా?" అంటాడు.

ఆయన దారి వేరు. డిక్కీలో పెట్టుకునే సీడీల పెట్టె అని ఒకటి ఉండేది. దానికోసం కంపెనీవాడు సెట్టు వెనక ఒక సాకెట్టు వదిలేవాడు. ఆ పెట్టె కొన్నవాళ్ళు తక్కువ, కాబట్టి సాకెట్టు ఉత్తినే దుమ్ము పట్టి ఉంటుంది. మేస్త్రి ఆ దారినే పాటను పంపిస్తాడు. అయితే ఆ సెట్టు గడుసుది. అవతల సీడీల పెట్టె ఉందో లేదో ముందు పలకరించి చూసుకుంటుంది, జవాబు రాకపోతే నోరు విప్పదు. అందుకని ఆయన అగ్గిపెట్టెంత డబ్బా ఒకటి సొంతంగా తయారుచేసి అక్కడ తగిలిస్తాడు. సెట్టు పలకరించినప్పుడల్లా అది "ఉన్నాను, ఉన్నాను" అని బదులిస్తుంది.

"అబద్ధమే అనుకో. కానీ ఎవరికీ నష్టం లేని అబద్ధం" అనేవాడు పిన్నితో. "అవతల తోడు ఒకరున్నారని నమ్మిస్తే చాలు, అదే పాడుతుంది."

పిన్ని ఆ మాటను బాగా గుర్తు పెట్టుకుంది.

ఆయనకు రెండు పట్టుదలలు. ఒకటి, కంపెనీ వేసిన వైరు ఒక్కటీ కొయ్యకూడదు. తను పెట్టింది రేపు తీసేసినా, కారు ఎలా వచ్చిందో అలాగే ఉండాలి. రెండోది ఈల. ప్లేయర్‌కు పాట వైరుతోపాటు చార్జింగు వైరు కూడా ఇస్తారు. ఆ చార్జింగు ఎర్తూ, స్టీరియో ఎర్తూ కారు బాడీలో వేరువేరు చోట్ల కలిశాయంటే చాలు, ఇంజను తిరుగుతున్నంతసేపూ స్పీకర్లలో సన్నటి ఈల. యాక్సిలరేటరు తొక్కితే పెరుగుతుంది, వదిలితే దిగుతుంది. దూరప్రయాణంలో చెవిలో జోరీగే.

"రెండు ఎర్తులూ ఒకే ఇంట్లో ఉండాలి. వేరుకాపురం పెట్టాయంటే ఊరుకోవు, ఈల వేసి అల్లరి చేస్తాయి" అని మేస్త్రి సూత్రం. చెప్పడం తేలికే. కంపెనీ వైరు కొయ్యనంటాడు కాబట్టి ఆ ఇల్లు ఎక్కడుందో వెతుక్కోవాలి. డాష్‌బోర్డు కింద బోల్టులు బోలెడు. ఒకదానికి రంగు పూసి ఉంటుంది, ఒకదానికి తుప్పు పట్టి ఉంటుంది, ఏది సరైనదో కారుకో రకం. ఎర్తు ఒక బోల్టుకు బిగించి వినాలి, విప్పి ఇంకోదానికి బిగించి వినాలి. మీటర్లు చెప్పేది కొంతే, మిగతాదంతా చెవి పని.

వినడంలో కూడా ఆయన పద్ధతి ఆయనది. పాట పెట్టి వినడు. సౌండు పూర్తిగా పెంచి, పాటను ఆపేసి, ఇంజను స్టార్టు చేసి కళ్ళు మూసుకుంటాడు. "పాట ఎవరైనా వింటారు. పాట లేనప్పుడు వినాలి" అంటాడు. పిన్ని ఆ సమయానికి వెనక సీట్లో కవరు అంచులు సర్దుతూ ఉండేది. వెనక స్పీకర్లు సరిగ్గా తల వెనకే ఉంటాయి కాబట్టి ఈల ఆవిడకే ముందు వినపడాలి. అయినా ఏనాడూ ముందు పట్టుకోలేకపోయింది. ఆవిడ నోరు తెరిచేలోపే ఆయన "ఊఁ, ఉంది" అని మళ్ళీ కిందికి దూరేవాడు. వీధిలో పోతున్న కారు అద్దాలు దించి ఉంటే, కొట్లో కూర్చునే "వాడి ఎర్తు బాలేదు" అనేవాడు. పిన్ని పైకి మూతి తిప్పుకున్నా లోపల పొంగిపోయేది. అంత శ్రద్ధగా వినే మనిషి తన మాట కూడా అంతే శ్రద్ధగా వింటాడని ఆవిడ గర్వం. నిజం చెప్పాలంటే వినేవాడు కూడా.

కొట్టు తెరిచిన రోజున వీధివాళ్ళందరి ముందూ ఆయన ఒక మాట అన్నాడు. "నా కొట్లోంచి ఈలతో ఒక్క కారు బయటికెళ్ళినా, ఆ రోజే స్క్రూడ్రైవరు కింద పెట్టేస్తా." మరొకరు అంటే ఉత్సాహంలో అన్న మాట అనుకుని టీ తాగి వెళ్ళిపోవచ్చు. ఈయనతో అలా కుదరదు. పెళ్ళయిన కొత్తలో బావమరుదులతో పేకాటలో గొడవపడి "ఇక పేక ముట్టను" అన్నాడు. అన్నవాళ్ళూ పడ్డవాళ్ళూ అందరూ మర్చిపోయారు. ఆయన మాత్రం తర్వాత చిన్నపిల్లలతో ఆడటానికి కూడా పేక ముట్టలేదు. మాట అంటే అది.

అదిగో, ఆ మాటే పిన్నికి నిద్ర లేకుండా చేసింది.

మొదట దోమల దగ్గర అనుమానం వచ్చింది. సాయంత్రం కొట్టు కట్టేసి ఇంటి ముందు కుర్చీలు వేసుకుని కూర్చుంటే, ఆవిడ చేతులు విసురుకుంటూనే ఉంది. ఆయన హాయిగా కాళ్ళు చాపుకుని, "ఈ ఏడాది దోమలు తగ్గాయి, గమనించావా?" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడే ఆయన చెవి పక్కన ఒకటి కచేరీ చేస్తోంది. పిన్ని చూస్తూనే ఉంది. ఆయన తల కూడా కదపలేదు.

మాటలు బాగానే వినిపిస్తాయి. తలుపు చప్పుడు, సుత్తి దెబ్బ, ఫోను మోత అన్నీ వినిపిస్తాయి. పోయింది ఆ సన్నటి చప్పుడు ఒక్కటే. వయసు ముందుగా దాన్నే పట్టుకుపోతుందట. ఆయన బతుకంతా నిలబడ్డది దాని మీద.

తమాషా ఏమిటంటే మేస్త్రి దాన్ని ఇంకోలా అర్థం చేసుకున్నాడు. ఎర్తు మొదటి బోల్టుకు బిగించి విన్నాడు, ఈల లేదు. తర్వాతి కారుకూ అంతే. ఆ తర్వాతదానికీ మొదటి బోల్టే. ఆయన మొహం వెలిగిపోయింది. ఎదుటి కొట్టు టైర్ల బాబాయిని పిలిచి మరీ చెప్పాడు. "చూశావా బాబాయ్! ఇన్నేళ్ళూ బోల్టులు మార్చి మార్చి చచ్చేవాణ్ణి. ఇప్పుడు చెయ్యి పెడితే చాలు, సరైన బోల్టు అదే దొరుకుతోంది. చెయ్యి తిరగడం అంటే ఇదీ!"

వెనక సీట్లో కూర్చున్న పిన్ని చెవుల్లో ఈల గింగురుమంటోంది. నవ్వు వచ్చింది, వెంటనే ఏడుపు వచ్చింది. జీవితంలో ఎప్పుడూ లేనంత సంతోషంగా ఉన్నాడు మనిషి. చెప్తే ఆ సంతోషంతోపాటు స్క్రూడ్రైవరు కూడా కింద పెట్టేస్తాడు. ఆవిడ సొంత అన్నయ్య పని మానేసి కుర్చీలో కూర్చున్నవాడు, కూర్చున్నచోటే కరిగిపోయాడు. ఈయన కూడా అలా అయిపోతే ఆవిడ తట్టుకోలేదు.

"ఏవండీ, ఈ కవరు ఇక్కడ వదులుగా ఉంది. కారు సాయంత్రం ఇద్దాం, మళ్ళీ బిగిస్తాను" అంది.

మధ్యాహ్నం ఆయన ఇంటికి భోజనానికి వెళ్ళి ఒక కునుకు తీసి వస్తాడు. ఆ సందులో పిన్ని కారు స్టార్టు చేసి, డాష్‌బోర్డు కింద దూరింది. ఏళ్ళ తరబడి ఆయన గొణుగుళ్ళు వింటూ కుట్టిన మనిషి, ఆ విద్య దారంతోపాటే ఎక్కింది. బోల్టు విప్పింది, ఇంకోదానికి బిగించింది, వెనక సీట్లోకి వెళ్ళి వింది. మళ్ళీ దిగింది, మళ్ళీ మార్చింది. ఆయనకు చెవితోపాటు తిరిగిన చెయ్యి ఉండేది. ఈవిడకు నడుం నొప్పి ఉంది. చివరికి ఈల ఆగింది. ఆయన వచ్చేసరికి మిషను దగ్గర కూర్చుని ఏమీ ఎరగనట్టు దారం కొరుకుతోంది.

అప్పట్నుంచీ అదే వరస. కవర్లు వేయించుకునే కారైతే కవరు వదులు, వేయించుకోని కారైతే పాత సీటు కుట్టు విడిపోతోంది, రెండు పోట్లు వేసి ఇస్తాను. ప్రతిసారీ ఏదో ఒక వంక. తప్పు చేస్తున్నానని అనిపించినప్పుడల్లా ఆ అగ్గిపెట్టెంత డబ్బాను తలుచుకునేది. ఎవరికీ నష్టం లేని అబద్ధం. అవతల తోడు ఉందని నమ్మితే చాలు, ఆయన పాడతాడు.

నష్టం ఎవరికి జరుగుతోందో ఆవిడకు తెలియలేదు. గుర్తులైతే కనిపించాయి. ఒకరోజు మేస్త్రి కొత్త కళ్ళజోడు తెచ్చి మిషను మీద పెట్టాడు. "కుట్టేటప్పుడు పెట్టుకో, కళ్ళకు శ్రమ ఉండదు" అన్నాడు. అడక్కుండా తెచ్చాడని పిన్ని మురిసిపోయింది. ఇంకోరోజు నిచ్చెన వేసుకుని ఆవిడ మిషను పైన పెద్ద లైటు బిగించాడు. కారు తీసుకెళ్ళడానికి వచ్చినవాళ్ళను పక్కకు తీసుకెళ్ళి ఏదో చెప్పేవాడు, వాళ్ళు తలాడించి, కవరు వైపు చూడకుండానే "చాలా బాగుంది పిన్నీ" అనేవారు. బ్యాటరీల అబ్బాయైతే ఒకసారి, "పిన్నీ, సూదిలో దారం నేనెక్కించి ఇవ్వనా?" అన్నాడు. వీడికి ఇవాళ ఇంత భక్తి ఎందుకొచ్చిందా అనుకుంది.

ఆ రోజుల్లోనే మిషను సూది ఆవిడ చూపుడు వేల్లోంచి దూసుకుపోయింది. లోపం కళ్ళది కాదు. గుమ్మంలో ఆగిన కారు ఈలకు చెవి ఒగ్గి, చెయ్యి సంగతి మరిచిపోయింది. డాక్టరు వేలికి పెద్ద కట్టు కట్టి, కొన్నాళ్ళు ఏదీ పట్టుకోవద్దన్నాడు. మేస్త్రి మొహం చూడాలి ఆ రోజు. పిల్లకు దెబ్బ తగిలినట్టు ఆ కట్టు వంకే చూస్తూ కూర్చున్నాడు. "ఇక సన్నపని తగ్గించుకోవే" అన్నాడు మెల్లగా.

సరిగ్గా అప్పుడు వచ్చింది నర్సమ్మ. ముప్పై దాటని పిల్ల. దూరపు ఊళ్ళో ఆసుపత్రికి బదిలీ అయింది. ఎవరిదో పాత కారు కొనుక్కుంది. సీటు కవర్లు అంతకుముందే ఒకసారి వచ్చి పిన్ని చేత వేయించుకుని వెళ్ళింది, వేలికి దెబ్బ తగలకముందు పని. ఇక మిగిలింది పాటే. ఆ పిల్ల జేబులోంచి గీతలు పడ్డ చిన్న ప్లేయర్ తీసింది.

"ఫోనులో పెట్టుకోవచ్చు కదమ్మా?" అన్నాడు మేస్త్రి, పరీక్ష పెట్టినట్టు.

"ఫోనైతే ఆసుపత్రి వెంటబడుతుందండీ. పాట మధ్యలో ఎవరో ఒకరు పిలుస్తారు. ఇందులో పాటలు తప్ప ఇంకేం లేవు."

మేస్త్రికి ఆ పిల్ల భలే నచ్చేసింది. సెట్టు బయటికి లాగాడు, సాకెట్టు దుమ్ము ఊదాడు, డబ్బా తగిలించాడు, ఒక్క కంపెనీ వైరు కూడా కొయ్యకుండా పాట దారి, చార్జింగు దారి ఎవరికీ కనపడకుండా లోపలే తిప్పాడు. ప్లేయర్ పెట్టుకోవడానికి గేరు పక్కన చిన్న అర కూడా అమర్చాడు. పిన్ని పక్కన నిలబడి చూస్తూ ఉండిపోయింది. ఆ చేతులకు వయసు రాలేదు. వైరు వంగాల్సిన చోట వంగింది, ఆగాల్సిన చోట ఆగింది. ఎర్తు మొదటి బోల్టుకు బిగించాడు.

"అమ్మా, నువ్వూ పిన్నీ వెనక కూర్చోండి. ఒక్క నిమిషం మౌనం విందాం" అన్నాడు. పాట ఆపి, సౌండు పెంచి, ఇంజను స్టార్టు చేసి కళ్ళు మూసుకున్నాడు.

ఈల ఉంది. సన్నగా, సూదిలా ఉంది. ఆయన యాక్సిలరేటరు తొక్కాడు, అదీ లేచింది. కళ్ళు తెరిచి చిన్నపిల్లవాడిలా నవ్వాడు. "మొదటి బోల్టే!"

"ఏవండీ, ఈ కవరు వదులుగా ఉంది" అంది పిన్ని అలవాటుగా. "రేపు తీసుకెళ్ళమనండి."

"అయ్యో పిన్నిగారూ, రేపు పొద్దున్నే అక్కడ డ్యూటీలో చేరాలండీ. ఇవాళ మధ్యాహ్నమే బయల్దేరాలి" అంది నర్సమ్మ. "కవరు బాగానే ఉంది కదండీ."

"పోనివ్వవే" అన్నాడు మేస్త్రి, చాలా నెమ్మదిగా. "పైగా నీ వేలికి కట్టు. ఏం చేస్తావు?"

నిజమే, ఏం చేస్తుంది? స్క్రూడ్రైవరు పట్టుకునే వేలే అది. ఊరుకుంటే కారు వెళ్ళిపోతుంది. ఆయనకు ఎప్పటికీ తెలియదు, హాయిగా ఉంటాడు. కానీ ఇన్నాళ్ళూ ఆవిడ గుండె ధైర్యం ఒక్కటే, ఒక్క కారు కూడా ఈలతో బయటికి వెళ్ళలేదన్నది. ఇది వెళ్ళిందంటే ఆయన మాట ఆయనకు తెలియకుండానే తప్పిపోయినట్టు. ఆ మాట తప్పించినది తను. మనిషి కోసం మాటను చంపడమా, మాట కోసం మనిషిని నొప్పించడమా? ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"ఈల ఉందండీ" అంది పిన్ని.

"ఏంటి?"

"ఈల. తొక్కితే పెరుగుతోంది."

మేస్త్రి నవ్వు అలాగే ఆగిపోయింది. వెనక్కి తిరిగి నర్సమ్మను అడిగాడు. "నీకేమైనా వినపడుతోందా అమ్మా?"

ఆ పిల్ల ఆయన నెరిసిన తల చూసింది, పిన్ని తడి కళ్ళు చూసింది. రోజూ రోగులకు "ఏం ఫర్వాలేదు" అని చెప్పి చెప్పి అలవాటైన నాలుక. "లేదండీ. నాకేం వినపడటం లేదు" అంది.

పిన్ని ఒక్కతే అబద్ధాలకోరుగా మిగిలింది. మేస్త్రి ముందుకు తిరిగి, ఎదురుగా ఉన్న అద్దాన్ని పట్టుకుని వెనక సీటు వైపు వంచాడు. యాక్సిలరేటరు తొక్కాడు. అద్దంలో నర్సమ్మ కనుబొమలు పైకి లేచాయి. వదిలాడు. దిగాయి. మళ్ళీ తొక్కాడు, మళ్ళీ లేచాయి, ఈసారి భుజాలు కూడా ముడుచుకున్నాయి. నాలుక నేర్చిన అబద్ధం మొహానికి రాలేదు పాపం. పక్కనే పిన్ని కళ్ళు గట్టిగా మూసుకుని ఉంది.

ఆయన ఇంజను ఆపేశాడు.

"ఎప్పట్నుంచి?" అన్నాడు అద్దంలోకే చూస్తూ.

"వానలకు ముందు నుంచి."

"ఎన్ని కార్లు వెళ్ళాయి?"

"ఒక్కటీ వెళ్ళలేదు."

"అదెలా?"

"మీరు భోజనానికి వెళ్ళినప్పుడు నేను దూరి బోల్టు మార్చేదాన్ని. కవరు వదులని చెప్పి కారు ఆపేదాన్ని."

మేస్త్రి సీట్లోనే పూర్తిగా వెనక్కి తిరిగాడు. "అంటే… కవర్లు వదులు కాలేదా?"

"నా కవరు వదులవడమేంటి?" అంది పిన్ని, ఏడుపులోనే ఒళ్ళు మండి. "నా చేతి కుట్టు ఏనాడైనా వదిలిందా?"

"మరి నీ కళ్ళు?"

"నా కళ్ళకేం రోగం?"

ఆయన దొంగకు తేలు కుట్టినట్టు మెల్లగా అన్నాడు. "ప్రతి కారుకీ కవరు వదులంటున్నావు, కుట్లు విడిపోతున్నాయంటున్నావు… చూపు తగ్గిందేమో, చెప్పుకోలేకపోతోంది అనుకున్నానే. వీధి వీధంతా తిరిగి, పిన్ని కుట్టులో తేడా వచ్చినా ఎవరూ పైకి అనొద్దు, మనసు కష్టపెట్టుకుంటుంది అని అందరికీ చెప్పి వచ్చాను."

"నా కుట్టు గురించా!" పిన్ని కేక ఎదుటి టైర్ల కొట్టుదాకా వినపడింది. "నా కుట్టులో తేడా అని వీధంతా చెప్పారా! బ్యాటరీల వెధవ దారం ఎక్కిస్తానన్నది అందుకా!"

నర్సమ్మ ఆపుకోలేక నవ్వేసింది. నవ్వినందుకు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మేస్త్రి కూడా నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయి, చేతిలో స్క్రూడ్రైవరును డాష్‌బోర్డు మీద పెట్టేశాడు.

"చెయ్యి తిరిగిందని ఊరంతా చాటుకున్నాను" అన్నాడు. "చెవి పోయిందే నాకు."

పిన్ని వెనక నుంచి వంగి ఆయన భుజం మీద కట్టు ఉన్న చెయ్యి వేసింది. ఏం చెప్పాలో ఎన్నో రోజులుగా ఆలోచించి పెట్టుకుంది. అవేవీ గుర్తు రాలేదు.

"మీరన్న మాట ఏంటి? ఈలతో కారు బయటికెళ్ళిన రోజు పని మానేస్తానన్నారు. వెళ్ళిందా?"

"లేదు."

"మరి అది తియ్యండి. ఈ పిల్ల మధ్యాహ్నం బయల్దేరాలి."

మేస్త్రి స్క్రూడ్రైవరు వంక చూశాడు. మాట నిలబెట్టుకోవడమే తెలిసిన మనిషికి, ఆ మాటను మరొకరు మోసుకొచ్చి చేతిలో పెట్టడం కొత్త. కాసేపటికి దాన్ని తీసుకుని కిందికి దూరాడు. బోల్టు మార్చాడు, సీట్లోకి వచ్చి ఇంజను స్టార్టు చేసి అద్దంలోకి చూశాడు. పిన్ని మొహం ఇంకా ముడుచుకునే ఉంది. ఏమీ అడగలేదు, మళ్ళీ దూరాడు. ఇంకో బోల్టు. ఈసారి ముడత కాస్త తగ్గింది. మళ్ళీ దూరాడు. ఒక బోల్టు రంగు గీకి, శుభ్రంగా తుడిచి, ఎర్తు దానికి బిగించాడు. యాక్సిలరేటరు గట్టిగా తొక్కి చూశాడు. అద్దంలో పిన్ని నుదురు నున్నగా ఉంది. కళ్ళు తెరిచి, ఆయన్నే చూస్తోంది.

"ఊఁ, లేదు" అన్నాడు మేస్త్రి. ఆవిడకంటే ముందే అన్నాడు.

నర్సమ్మ పాట పెట్టుకుని వెళ్ళిపోయింది. ఆ సాయంత్రమే మేస్త్రి వీధంతా మళ్ళీ తిరిగాడు. పిన్ని కుట్టులో ఏ లోపం లేదని, లోపం తన చెవిదని ప్రతి కొట్టు దగ్గరా నిలబడి చెప్పి వచ్చాడు. తన గొప్ప చాటుకోవడానికి ఎంత గొంతు పెట్టాడో, దీనికీ అంతే పెట్టాడు. అంత పేరున్న మనిషి అలా చెప్పుకుంటూ వీధంతా తిరగడం చిన్న సంగతి కాదు. సూది మొద్దుబారిందని చెప్పిన కుర్రాడు ఎక్కడికీ పోలేదని పిన్నికి ఆ రోజు అర్థమైంది.

ఇప్పుడు కొట్లో పని పద్ధతి అదే. ఆయన చేస్తాడు, ఆవిడ వింటుంది, ఆవిడ మొహం చూసి ఆయన చెబుతాడు. వేలు మానింది. కళ్ళజోడు మాత్రం ఆవిడ ఇప్పటికీ పెట్టుకుంటోంది. సన్నదారం దానితో బాగా కనపడుతుందన్నది నిజమే, కానీ ఒప్పుకోదు. దోమల సంగతికొస్తే, ఆయనకు కనపడినవి ఆయన కొడతాడు, వినపడినవి ఆవిడ చూపిస్తుంది.

కొట్లోంచి కారు తీసుకెళ్ళేవాళ్ళకు ఒక చిన్న ఇబ్బంది ఉంది. మేస్త్రి అన్నీ సర్దుతాడు, అద్దం ఒక్కటి సర్దడం మరిచిపోతాడు. వీధి మలుపు దగ్గర వెనక వచ్చేవాళ్ళను చూద్దామని తల ఎత్తితే రోడ్డు కనపడదు. వెనక సీటు కనపడుతుంది. అద్దం తిప్పుకునే ముందు ఎవరైనా గమనిస్తే, బిగువుగా, ఎక్కడా ముడత లేకుండా వేసిన కవరు మీద, అప్పటిదాకా ఒక మనిషి కూర్చుని లేచిన గుర్తు ఇంకా ఉంటుంది.